బండి ఎవరి పేరు మీద ఉంది?

(మా సంఘం సభ్యుల సమావేశంలో విజయవాడకు చెందిన ఒక లారీ యజమానురాలు చేసిన ప్రసంగ పాఠం)



"ఆస్తి, అప్పు, స్త్రీలు" అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాదు. ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో లెక్కలు రాస్తాను. నాకొక లారీ ఉంది. ఈ ఏడాది, అంటే 2025లో, పాత లారీని అమ్మి, అప్పు తీసుకుని దానికంటే కొత్తది కొన్నాను. కొనాలా వద్దా అని ఆరు నెలలు కొట్టుకున్నాను. ఆ ఆరు నెలల సంగతే చెబుతాను. అది చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మా ఆయన మొదట డ్రైవరు. 2005లో సొంత బండి కొన్నారు. ఫైనాన్సు ఇచ్చినవాళ్లు మార్జిను డబ్బు అడిగారు. మా పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు జతల గాజులూ, నాను తాడూ అమ్మి అది కట్టాం. ఆ బంగారం స్త్రీధనం, నాది. ఆ మాట అప్పుడు నాకు తెలియదు, తెలిసినా అనేదాన్ని కాదు. బండి సీ బుక్కు మా ఆయన పేరు మీద వచ్చింది. ముందు అద్దం మీద మాత్రం నా పేరూ, మా అమ్మాయి పేరూ రంగుల్లో రాయించారు. నేను మురిసిపోయాను.

2013లో ఆ బండి అమ్మేసి, ఫైనాన్సు మీద ఆరు టైర్ల కొత్త బండి తెచ్చారు. అమ్మాలా, అప్పు చేయాలా అని నన్నెవరూ అడగలేదు. సంతకాలకు మాత్రం పిలిచారు. ఆఫీసులో ఒక కుర్రాడు పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టిన కాగితాల కట్ట నా ముందు పెట్టాడు. గుర్తున్నచోటల్లా సంతకం చేశాను. అన్నీ ఇంగ్లీషు కాగితాలే. అది హామీదారు సంతకమని ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు. "ఏమీ కాదులే, పేరుకి" అన్నారు.

పేరుకి కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడిగి, ఇవ్వకపోతేనే మనల్ని అడగాలనే నియమం లేదు. అప్పులో నాకు సగం కాదు, మొత్తం ఉంది. బండిలో నాకు ఏమీ లేదు.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. లోడ్లు పడిపోయాయి. రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఒక రాత్రి టోలుగేటు దగ్గర నలుగురు బండి ఆపి, డ్రైవర్ని దింపి, తాళాలు తీసుకుని బండి పట్టుకుపోయారు. నోటీసు లేదు, కాగితం లేదు. డ్రైవరు కట్టుబట్టలతో తెల్లవారేదాకా రోడ్డు మీద కూర్చున్నాడు. బండి విడిపించుకోవడానికి బాకీ వాయిదాలతో పాటు సీజింగు ఖర్చు, పార్కింగు ఖర్చు అని ఇంకా గుంజారు. అప్పు కట్టనివాళ్లకు ఇదే శిక్ష అని, తప్పు మాదే అని నమ్మి కట్టాం. బలప్రయోగంతో, మనుషుల్ని పెట్టి వాహనాలు గుంజుకోవడం చట్టబద్ధం కాదని సుప్రీంకోర్టు 2007లోనూ, మళ్లీ 2011లోనూ చెప్పిందన్న సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

2021లో కరోనా రెండో విడతలో మా ఆయన పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మా మరిది బండి తాళాలు తీసుకున్నాడు. "వదినా, ఆడదానివి లారీ ఏం చూసుకుంటావు. నేను తిప్పి నెలకింత ఇస్తాను" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. నిజంగానే సాయం చేస్తున్నానని అనుకున్నాడు. మా దుకాణానికి వచ్చే ఒక మెకానిక్కు నన్ను హెచ్చరించాడు. "అమ్మగారూ, సీ బుక్కు చచ్చిపోయినాయన పేరు మీద ఉంటే, రేపు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెడతారు" అన్నాడు. అప్పుడు రవాణా ఆఫీసుకు వెళ్లాను. ఓనరు చనిపోతే బండి ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో వాళ్లు ముప్పై రోజుల్లోగా తెలియజేయాలి. తెలియజేస్తే మూడు నెలలపాటు ఆ బండిని తమ పేరు మీద మారినట్టే నడుపుకోవచ్చు. ఆలోపు ఫారం 31తో తమ పేరు మీదకు మార్పించుకోవాలి. పర్మిటుకూ ఇలాంటి నియమమే ఉంది. నేను వెళ్లేసరికి ముప్పై రోజులు దాటిపోయాయి. రుసుమూ జరిమానా కట్టాను.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకూ, కొడుకుకూ, కూతురికీ, ఆయన తల్లికీ సమాన వాటాలు. అంటే బండిలో నాలుగో వంతు మా అత్తయ్యది. మరిదికి వాటా లేదు. బండి నా పేరు మీదకు మారాలంటే మా అత్తయ్య తన అంగీకారం రాసివ్వాలి. ఆమె చిన్నకొడుకు దగ్గరే ఉంటోంది. భయపడుతూ వెళ్లి అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయ్, మీ మామగారు పోయినప్పుడు ఎడ్లబండి మీ పెదమామగారు తోలుకుపోయారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి?" అంది. ఈ సభలో ఎన్నో చట్టాల పేర్లు వినబడ్డాయి. నా బండి నా చేతికి వచ్చింది మాత్రం ఆ వేలిముద్రతో.

సీ బుక్కు నా పేరు మీదకు వచ్చిన కొన్ని నెలలకు, 2022లో, కోర్టు నుంచి నోటీసు వచ్చింది. 2013లో అమ్మేసిన మొదటి బండి 2018లో ఒక మోటారుసైకిలును గుద్దింది. నడిపేవాడి కాలు పోయింది. బండికి ఇన్సూరెన్సు లేదు. మా ఆయన ఆ బండి అమ్మినప్పుడు బ్రోకరు చెప్పినట్టు 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని వచ్చేశారు. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. రికార్డులో ఓనరు మా ఆయనే. ట్రైబ్యునలు నోటీసులు మా ఆయనకు వచ్చాయి. ఆయన వాటిని ఇనప్పెట్టెలో పెట్టి ఊరుకున్నారు. నాకు చెప్పలేదు. హాజరు కాకపోవడంతో ఏకపక్షంగా తీర్పు వచ్చింది. ఇప్పుడు ఆ సొమ్ము వసూలుకు, ఆయన నుంచి మాకు వచ్చిన ఆస్తి మీదకు వచ్చారు. ఆ ఆస్తి ఏమిటి? మాకు అన్నం పెడుతున్న ఈ బండే.

రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, అమ్మేశానన్నా బాధ్యత పోదని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో బండి అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లోగా ఆ సంగతి రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవాళ్లు ముప్పై రోజుల్లోగా తెలియజేయాలి. ఆ ఒక్క కాగితం 2013లో ఇచ్చి ఉంటే ఈ కథ లేదు.

ఈ సమావేశానికి వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. పేదరాలినని రుజువు చేసుకోనవసరం లేదు. నేను కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. వకీలును ఇచ్చారు. లోక్ అదాలత్‌లో 2,40,000 రూపాయలకు రాజీ కుదిరింది. బండి కొన్నాయనను కూడా పట్టుకొచ్చి సగం కట్టించగలిగాం. మిగతా 1,20,000 నేను కట్టాను.

ఆ రోజు ఎదురు బల్ల మీద కాలు పోయినాయన భార్య కూర్చుంది. నా ఈడుదే. ఒళ్లో చంటిపిల్ల. నాలుగేళ్లు తిరిగింది ఆ డబ్బు కోసం. నేను అన్యాయమైపోయానని అనుకుంటూ వెళ్లాను. ఆమెను చూశాక ఆ మాట నోటికి రాలేదు. ఇన్సూరెన్సు కట్టడమంటే పోలీసులకు చూపించడానికి కాగితం సంపాదించడమని మా లారీవాళ్లం అనుకుంటాం. అది ఆమె కోసం కట్టేది.

ఇక ఈ ఏడాది సంగతి. మా బండి 2013 మోడలు. రెండు ఇరుసుల బండికి పన్నెండేళ్లు దాటితే నేషనల్ పర్మిటు ఇవ్వరు. అంతకంటే ఎక్కువ ఇరుసులుంటే పదిహేనేళ్లు. పర్మిటు పోతే మద్రాసు లోడు లేదు. 2014 తర్వాత మాకు హైదరాబాదు కూడా పక్క రాష్ట్రమే. పైగా ఎనిమిదేళ్లు దాటిన బండిని ఏటేటా బ్రేకు చేయించాలి. పాత బళ్లకు ఆ రుసుము 2022 నుంచి బాగా పెంచారు.

మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. కొత్త బండి కొనమని పట్టుబట్టాడు. "పాత బండి డ్రైవరుకి పిల్లనెవరిస్తారమ్మా" అని నవ్వించేవాడు కూడా. షోరూములో బాడీతో సహా 28 లక్షలు అన్నారు. 20 లక్షలు ఫైనాన్సు, ఐదేళ్లు, "ఎనిమిది శాతమేనమ్మా" అన్నారు. ఇల్లు కాగితాలు, అబ్బాయి హామీ సంతకం, పది ఖాళీ చెక్కులు ఇవ్వమన్నారు. మళ్లీ పెన్సిలుతో ఇంటూ గుర్తులు.

కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదువుకుని వస్తానన్నాను. వాళ్లకు నచ్చలేదు. రాత్రి దుకాణం లెక్కల పుస్తకం వెనక పేజీలో బండి లెక్క వేశాను. మీరూ నాతోపాటు వెయ్యండి. లారీ కాకపోతే ఆటో, గేదె, కుట్టుమిషను, ఏదైనా లెక్క ఇదే.

పాత బండి మద్రాసు వెళ్లి రావడానికి 900 కిలోమీటర్లు. పోను 19,000, రాను 13,000, మొత్తం 32,000 కిరాయి. లీటరుకు అయిదు కిలోమీటర్ల లెక్కన 180 లీటర్ల డీజిలు, 17,500. టోలు 3,500. డ్రైవరు, క్లీనరు జీతం బత్తా 4,500. ఎత్తుడు దింపుడు, బ్రోకరు కమీషను, దారి మామూళ్లు 1,500. మిగిలేది 5,000. నెలకు ఐదు ట్రిప్పులు పడితే 25,000. ఇది లాభమని మగవాళ్లు అనుకుంటారు. ఏడాదికి ఇన్సూరెన్సు 42,000, టాక్సు పర్మిటు బ్రేకు 24,000, టైర్లు 48,000, రిపేర్లు 54,000. కలిపితే 1,68,000, నెలకు 14,000. అంటే మంచి నెలలో చేతికి 11,000. మూడే ట్రిప్పులు పడిన నెలలో 1,000.

కొత్త బండి లీటరుకు ఆరున్నర ఇస్తుందన్నారు. ట్రిప్పుకు 4,000 మిగులు. రిపేర్లు తగ్గుతాయి, ఇన్సూరెన్సు పెరుగుతుంది, అదీ ఇదీ చెల్లు. మంచి నెలలో 31,000 వస్తుంది. వాయిదా ఎంత? ఎనిమిది శాతం ఫ్లాటు అంటే 20 లక్షల మీద ఐదేళ్లకు వడ్డీ 8 లక్షలు. నెలకు 46,667. మంచి నెలలోనే 15,000 పైన నేను ఎదురు పెట్టాలి.

ఇంకో మోసం చూడండి. ఫ్లాటు వడ్డీ అంటే మనం అసలు తీర్చుకుంటూ పోతున్నా చివరి నెల దాకా మొత్తం 20 లక్షల మీదా వడ్డీ వేస్తారు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఆ ఎనిమిది శాతం దాదాపు పద్నాలుగు శాతం అవుతుంది. పాత బళ్ల మీద మూడేళ్లకు పది శాతం ఫ్లాటు అంటారు. అది నిజానికి పద్దెనిమిది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంతో అందులో రాయాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. నేను ఆ పత్రం అడిగాను. "మీరు అడిగే దాకా ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు ఆ కుర్రాడు. అతని ముఖంలో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే ఉంది.

అబ్బాయికి లెక్క చూపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. "నాన్న ఉంటే కొనేవాడు" అన్నాడు. నిజమే, కొనేవారు. నేను హామీ సంతకం చేసేదాన్ని. ఆ తర్వాత అమ్మాయి కాలేజీ ఫీజు దగ్గర ఆగిపోయేది.

అమ్మకుండా ఉంచుకుని ఊళ్లోనే ఇసుక, ఇటుక తోలుకుందామా అని కూడా చూశాను. పెద్ద బళ్లతో పోటీ పడి ఆరు టైర్ల ముసలి బండి నిలబడదని డ్రైవరు చెప్పాడు. చివరకు మధ్య దారి పట్టాం. అయిదేళ్ల వయసున్న బి.ఎస్.-6 ఆరు టైర్ల బండి 13 లక్షలకు దొరికింది. పాత బండికి 4,30,000 వచ్చింది. మా ఆయన జీవిత బీమా సొమ్ములో మిగిలిన 3,70,000 పెట్టాం. 5,00,000 మాత్రం బ్యాంకు అప్పు, తగ్గుతున్న బాకీ మీద పన్నెండు శాతం, మూడేళ్లు. వాయిదా 16,600. ఈ బండి మంచి నెలలో 24,500, చెడ్డ నెలలో 8,700 మిగులుస్తుందని నా లెక్క. అంటే చెడ్డ నెలలో 7,900 తరుగు. అందుకే బండి కొనకముందే మూడు వాయిదాల సొమ్ము, 50,000, చీటీ పాడి బ్యాంకులో వేశాను. దాన్ని ముట్టుకోవద్దని అబ్బాయి చేత మాట తీసుకున్నాను.

మంచి చెడ్డా రెండూ చెప్పాలి. ఈ బండికి డీజిలుతో పాటు యాడ్‌బ్లూ పోయాలి. సెన్సారు పోతే మన ఆటోనగర్ మేస్త్రీ రెంచి పట్టుకుంటే చాలదు, కంప్యూటరు తగిలించేవాడు రావాలి. రెండో నెలలోనే అలా 11,000 ఖర్చయింది. ఆ 50,000 మీద అప్పుడే చెయ్యి పడింది. మళ్లీ పూడ్చాను. నా లెక్క తప్పదని నేను అనడం లేదు. తప్పితే ఎంత తప్పుతుందో నాకు తెలుసు, ఇల్లు పోయేంత తప్పదు. ఇల్లు కాగితాలు నా పెట్టెలోనే ఉన్నాయి.

పాత బండి అమ్మేటప్పుడు బ్రోకరు మళ్లీ ఖాళీ ఫారాలే తెచ్చాడు. ఇంకో 20,000 ఎక్కువ ఇప్పిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొన్నవాళ్ల పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం చేశాను. పాత ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, ఎన్.ఓ.సి. పెట్టి సీ బుక్కులోంచి వాళ్ల పేరు తీయించాను. పద్నాలుగు రోజుల్లోపు రవాణా ఆఫీసుకు తెలియజేసి రసీదు తీసుకున్నాను. సీ బుక్కు కొన్నాయన పేరు మీదకు మారిన రోజే నిద్రపోయాను. ఆ 20,000 నా నిద్ర ఖరీదు అనుకున్నాను.

కొత్త బండి సీ బుక్కు నా పేరు మీద ఉంది. నామినీ అమ్మాయి. నడిపేది మా అబ్బాయి, పాత డ్రైవరు మార్చి మార్చి. అబ్బాయికి కూడా జీతం రాస్తాను.

చివరగా, నాలాంటి వాళ్లకు నా మాటలు ఇవి.

ఇంట్లో బండి కొంటున్నారంటే, అప్పు ఎంత అని కాదు, బండి ఎవరి పేరు మీద అని ముందు అడగండి. మీ బంగారం అందులో ఉంటే మీ పేరూ ఉండాలి.

చదవని కాగితం మీద సంతకం చేయకండి. చేసిన ప్రతి కాగితానికీ నకలు తీసుకోండి. ఖాళీ చెక్కు ఇవ్వకండి. అప్పు కింద ఇచ్చిన చెక్కు చెల్లకపోతే రెండేళ్ల దాకా జైలు పడే చట్టం ఉంది.

మంచి నెల లెక్కతో అప్పు చేయకండి. చెడ్డ నెల లెక్క వేయండి.

వాయిదా ఆలస్యమైతే దాక్కోకండి, రాసి ఇవ్వండి. వసూలు మనుషులు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. రోడ్డు మీద బండి లాక్కుంటే ఫిర్యాదు చేయండి.

కోర్టు నోటీసు వస్తే పెట్టెలో పెట్టకండి. మగవాళ్లు పెట్టి ఉంటే, ఇవాళే ఇంటికెళ్లి ఆ పెట్టె తెరిచి చూడండి.

మా అత్తయ్య మొన్న కొత్త బండి చూడటానికి వచ్చింది. అద్దం మీద పేర్లు ఏమీ లేవేమని అడిగింది. నేను సీ బుక్కు తెచ్చి చూపించాను. చదవడం రాదు కదా, నా పేరున్న చోట వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద ఒకసారి చేత్తో రాసి, "జాగ్రత్తగా దాచుకో" అంది.

సెలవు.